ఎవర్నీ అడగక్కర్లేని రోజు

ఈ సంవాదంలో ఇద్దరు. బాబాయి ఒక విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మాయి ఆయన అన్నగారి కూతురు. చిన్నప్పుడే చూపు పోయింది. తెలుగులో పీహెచ్‌డీ చేసి ఇప్పుడు వేరే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతోంది. అక్కడ వైకల్యం ఉన్న విద్యార్థుల బాగోగులు చూసే బాధ్యత ఈమధ్యే ఆమె మీద పడింది. క్యాంపస్‌లో ఏమేం మారాలో ఒక చిట్టా రాసి, పాలకమండలికి పంపే ముందు చూసిపెట్టమని బాబాయికి ఇచ్చింది. ఆయన చూశాడు. ఒప్పుకోలేదు.

బాబాయి: చిట్టా అంతా చదివానమ్మా. ప్రతి బిల్డింగుకీ ర్యాంపు, ప్రతి బ్లాకుకీ లిఫ్టు, చూపులేనివాళ్లకోసం దారి పొడవునా పసుపు పలకలు, సైన్ లాంగ్వేజ్ మనుషులు. బాగానే ఉంది. ఒక్కటి చెప్పు. మీ క్యాంపస్‌లో వీటి అవసరం ఉన్నవాళ్లు ఎంతమంది?

అమ్మాయి: ఎంతమంది ఉంటే చెయ్యొచ్చంటావ్?

బాబాయి: ఎదురు ప్రశ్న వెయ్యకు. వానొస్తే హాస్టల్లో పిల్లలు మంచాల పక్కన బకెట్లు పెట్టుకుని పడుకుంటున్నారు. సగం డిపార్ట్‌మెంట్లు గెస్ట్ ఫ్యాకల్టీ మీదే నడుస్తున్నాయి. వాళ్ల జీతం ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలీదు. ఉన్న నాలుగు డబ్బులూ ముందు ఎక్కువమందికి పనికొచ్చేదానికి పెట్టాలనడం తప్పా?

అమ్మాయి: తప్పు కాదు. కానీ ఆ లెక్కలో తిరకాసుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లు. నూటికి 2.21 మంది. 2021-22 ఉన్నత విద్యా సర్వే తియ్యి. కాలేజీల్లో, యూనివర్సిటీల్లో చదివేవాళ్లు 4.33 కోట్లు. అందులో వైకల్యం ఉన్నవాళ్లు లక్ష కూడా లేరు. మిగతావాళ్లంతా ఏమైనట్టు?

బాబాయి: జనాభా లెక్కల్లో ముసలాళ్లు కూడా ఉంటారు. చూపు ఆనని మా అత్తగారు, కర్ర లేకుండా లేవలేని మీ పెద్దమ్మ, అందరూ ఆ లెక్కలోకే వస్తారు. వాళ్లొచ్చి డిగ్రీలో చేరరు కదా.

అమ్మాయి: సరే, సగం కొట్టెయ్యి. మిగిలిన దాంట్లో మళ్లీ సగం కొట్టెయ్యి. అప్పటికీ ఉండాల్సినవాళ్లలో సగం మంది లేరు. తక్కువమందే కదా, ఎందుకు ఖర్చు అంటావు నువ్వు. ఏమీ చెయ్యకపోబట్టే ఈ తక్కువమంది అంటాను నేను.

బాబాయి: అదంతా యూనివర్సిటీ నెత్తిన రుద్దకు. చాలామంది బడిలోనే ఆగిపోతున్నారు. ఇంటర్ గడప తొక్కనివాడికి నా ర్యాంపు ఏం చేస్తుంది?

అమ్మాయి: బడి సంగతి నిజమే. కానీ గడప తొక్కినవాళ్ల సంగతి చెప్తా విను. 2016 వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల చట్టంలో 32వ సెక్షన్ ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో నూటికి ఐదు సీట్లకు తగ్గకుండా ఇవ్వాలి. మా దగ్గర ఆ సీట్లు నిండవు. నిండినవాటిలోనూ మధ్యలో మానేసేవాళ్లున్నారు. వాళ్లతో మాట్లాడాను. పాఠం అర్థం కాక మానేశామని ఒక్కరూ చెప్పలేదు. వీల్‌చెయిర్‌లో వచ్చే ఒకమ్మాయి ఎమ్మెస్సీలో చేరింది. పొద్దున క్లాసుకొచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం హాస్టల్‌కి పోయేదాకా మంచినీళ్లు ముట్టుకునేది కాదు. ఎందుకో తెలుసా?

బాబాయి: టాయిలెట్ లేదా?

అమ్మాయి: ఉంది. తలుపు మీద వీల్‌చెయిర్ బొమ్మ కూడా ఉంది. తాళం ఉంది. తాళంచెవి అటెండరు దగ్గర ఉంటుంది. అటెండరు టీకి పోతే ఎదురుచూడాలి. తీశాక చూస్తే లోపల చీపుళ్లు, ఫినాయిల్ డబ్బాలు, కాళ్లు విరిగిన కుర్చీలు. అవన్నీ పక్కకి జరిపించుకుని లోపలికెళ్తే తలుపు పడదు. అది లోపలికి తెరుచుకునే తలుపు, మధ్యలో వీల్‌చెయిర్ అడ్డం. రెండో సెమిస్టర్‌లో ఇంటికెళ్లిపోయింది. ఆఫీసు రికార్డులో కారణం ‘అనారోగ్యం’ అని రాసుకున్నారు.

బాబాయి: ఆ తలుపు బయటికి తెరుచుకోవాలి. లేదా పక్కకి జరిగేది పెట్టాలి. ఎవడు కట్టాడది?

అమ్మాయి: గ్రేడు ఇచ్చే నాక్ టీం వచ్చే ముందు హడావిడిగా కట్టారు.

బాబాయి: అదీ! నా భయం అదే. చట్టం పేరు చెప్పి తరిమితే వచ్చేవి అలాంటివే. ఫారంలో గడి ఉంటుంది, ర్యాంపు ఉందా, టాయిలెట్ ఉందా అని. గడి నింపడానికి కావాల్సింది ఫొటో, వాడుకునే మనిషి కాదు. ర్యాంపు సంగతి తీసుకో. గుమ్మం ముందు మూడు మెట్లున్నాయనుకో. మెట్టుకి ఆరంగుళాల చొప్పున పద్దెనిమిది అంగుళాలు. వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. మూడు మెట్లకి పద్దెనిమిది అడుగులు. కిందా పైనా కుర్చీ తిప్పుకోడానికి చదును చోటు, రెండు పక్కలా రెయిలింగు. డ్రాయింగులో ఇవన్నీ ఉంటాయి. పని మొదలయ్యాక ఎవరో ఒకరొచ్చి, ఇంత పొడుగు పోతే పోర్టికోలో పెద్దవాళ్ల కారు ఎక్కడ ఆగుతుందంటారు. పద్దెనిమిది ఆరవుతుంది. పైన నున్నటి గ్రానైటు పరుస్తారు, చూడ్డానికి బాగుంటుందని. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల. రెండు చేతుల్తో చక్రాలు తిప్పుకుంటూ ఏ మనిషీ దాన్ని ఎక్కలేడు. వెనక నుంచి ఒకడు తోయాల్సిందే.

అమ్మాయి: ఇంత తెలిసినవాడివి, మరి నా చిట్టాకి అడ్డమెందుకు?

బాబాయి: తెలుసు కాబట్టే. ఎలాగూ ఒకడు వెనక నుంచి తోయాలంటే, ఆ డబ్బు పెట్టడమెందుకు? నలుగురు కుర్రాళ్లు కుర్చీని పట్టుకుని మూడు మెట్లు ఎక్కిస్తారు. మన కాలేజీల్లో రోజూ జరిగేదే. నిన్ను సైకిల్ మీద బడికి దింపింది ఏ సెక్షన్ ప్రకారం? పాఠాలన్నీ మీ అక్క కాసెట్లలోకి చదివి పెట్టింది ఏ జీవో చూసి? పీహెచ్‌డీ దాకా వచ్చావు. అంతెందుకు, మచిలీపట్నం పక్క పల్లెటూళ్లో పుట్టిన శ్రీకాంత్ బొల్లా ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. ఎంఐటీలో చదివాడు, హైదరాబాదులో కంపెనీ పెట్టి వందలమందికి పనిచ్చాడు. మనసుంటే దారి అదే వస్తుంది.

అమ్మాయి: శ్రీకాంత్ సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తాను. పదో తరగతి అయ్యాక సైన్సు చదువుతానంటే కళ్లు లేనివాడికి కుదరదన్నారు. కోర్టుకెళ్లి తెచ్చుకున్నాడు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినా ఐఐటీ కోచింగ్‌కి చేర్చుకోలేదు. మన దగ్గర ఇవ్వనన్న చదువు అమెరికావాళ్లు ఇచ్చారు. 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు, 2024లో ఆయన మీద హిందీలో సినిమా వచ్చింది, చూసి చప్పట్లు కొట్టాం. ఆ కథలో మన వేషమేంటో ఆలోచించావా? సైన్సు చదవడానికి కోర్టుకెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుంది? వెళ్లనివాళ్లందరికీ మనసు లేదంటావా?

బాబాయి: నీకు కోర్టు అవసరం పడలేదుగా. ఇంట్లో మేమున్నాం.

అమ్మాయి: ఉన్నారు. నువ్వు దింపినన్నాళ్లూ బడికెళ్లాను, నీకు సైటు డ్యూటీ పడితే మానేశాను. ఇంటర్‌లో నేను లెక్కలు తీసుకుంటానన్నాను. అందరూ కూర్చుని ఆర్ట్స్ తీసుకోమన్నారు, ఎందుకంటే అక్క చదివి వినిపించగలిగినవి అవే. తెలుగంటే ఇప్పుడు నాకు ప్రాణం, అది వేరే సంగతి. సాయం చేసేవాళ్లకి వీలైన చోటికి, వీలైన వేళకి వెళ్లాను. వాళ్లకి వీలైన సబ్జెక్టే చదివాను. మీ ప్రేమలో లోటుందని అనడం లేదు బాబాయ్. ఎంత ప్రేమున్నా అది మీ టైంటేబుల్ ప్రకారమే నడిచేది.

బాబాయి: అన్నీ రూల్సు అయిపోతే పక్కవాడు పట్టించుకోవడమే మానేస్తాడు. ‘లిఫ్టుందిగా, అటు పో’ అంటాడు. అదా నీక్కావాల్సింది?

అమ్మాయి: కొన్నిసార్లు అదే కావాలి. చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లతో పోట్లాడలేం. ‘నీ మాట తప్పు’ అని ముఖం మీద చెప్పలేం. రేపు పొద్దున మళ్లీ ఆ చెయ్యే కావాలి. హాస్టల్లో ఉన్నప్పుడు నన్ను క్యాంటీన్‌కి తీసుకెళ్లేవాళ్లలో నా కబుర్లకోసం వచ్చేదెవరో, పుణ్యానికి వచ్చేదెవరో నాకు తెలిసేది కాదు. ఇవాళ నీతో ఇలా సమానంగా వాదించగలుగుతున్నానంటే, నువ్వు నన్నెక్కడికీ దింపాల్సిన పని లేదు కాబట్టే.

బాబాయి: (కాసేపాగి) బాగానే అంటించావు. సరే, కట్టడాలు పక్కన పెట్టు. పరీక్షల సంగతి చెప్పు. గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ. మూడు గంటల పేపరుకి నాలుగు గంటలు. పైగా రాసిపెట్టడానికి ఇంకో మనిషి. పక్క బెంచీ కుర్రాడు ఇదేం న్యాయమని అడిగితే ఏం చెప్తావు? స్క్రైబ్ పేరుతో తెలివైనవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టుకున్నవాళ్లని ఇన్విజిలేషన్‌లో కళ్లారా చూశాను. డబ్బులిచ్చి, వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ల గురించీ విన్నాం.

అమ్మాయి: మా ఎమ్మే తెలుగు పేపర్లో ఒక ప్రశ్న వస్తుంది. పద్యం ఇచ్చి గణవిభజన చెయ్యమంటారు. నాకు పద్యం వినగానే అది శార్దూలమని తెలుస్తుంది. మసజసతతగ, పదమూడో అక్షరం యతి, చెప్పేస్తాను. కానీ రాసేది నేను కాదుగా. 2018 మార్గదర్శకాల ప్రకారం అప్పట్లో మనం తెచ్చుకునే స్క్రైబ్ మనకంటే ఒక మెట్టు కింది చదువువాడై ఉండాల్సి వచ్చేది. డిగ్రీ కుర్రాణ్ణి తెచ్చుకున్నాను. ఇంటర్‌లో మార్కులకోసం సంస్కృతం తీసుకున్నవాడు. తెలుగు ఒత్తులే తిన్నగా రాయలేడు. వాడికి గురువంటే ఏంటో, లఘువంటే ఏంటో, ఏ అక్షరం నెత్తిన ఏ గుర్తు పెట్టాలో ఒక్కొక్కటే చెప్పి రాయించాలి. సంయుక్తాక్షరం ముందున్నది గురువవుతుందని పరీక్ష హాల్లో వాడికి పాఠం చెప్పాను. ఆ గంట ఎక్కడికి పోయిందో ఇప్పుడు పక్క బెంచీ కుర్రాడికి నువ్వే చెప్పు.

బాబాయి: అది నీ సంగతి. దొంగల సంగతి?

అమ్మాయి: దొంగ సర్టిఫికెట్ పట్టుకోవాల్సింది ఇచ్చే దగ్గర. పరీక్ష హాల్లో నన్ను అనుమానంగా చూస్తే వాడు దొరకడు. సుప్రీంకోర్టు 2021లో వికాశ్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న సివిల్స్ అభ్యర్థి అతను. నలభై శాతం వైకల్యం లేదని స్క్రైబ్‌ని ఇవ్వం అన్నారు. ఎవరో దుర్వినియోగం చేస్తారన్న భయంతో నిజంగా అవసరమున్నవాడికి ఎగ్గొట్టకూడదంది కోర్టు. అయినా నీ అనుమానానికి నా దగ్గర మందుంది. నాకసలు స్క్రైబే వద్దు.

బాబాయి: మరెలా రాస్తావు?

అమ్మాయి: కంప్యూటర్ మీద. ఎన్‌వీడీఏ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంది, తెలుగు కూడా చదువుతుంది. ప్రశ్నపత్రం ఫైలు ఇచ్చి, ఇంటర్నెట్ తీసేసి, కెమెరా పెట్టి కూర్చోబెట్టు. నా జవాబు నేనే టైపు చేస్తాను. మధ్యలో ఇంకో బుర్ర ఉండదు, నీకు అనుమానం ఉండదు.

బాబాయి: ఇది బాగుంది. మరి ఎందుకివ్వడం లేదు?

అమ్మాయి: ఎందుకంటే ప్రశ్నపత్రం ప్రెస్సులో అనూ ఫాంట్లలో కొడతారు. కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. ఆ ఫైలు నా కంప్యూటర్‌లో తెరిస్తే లోపల తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు, అంకెలు కలగాపులగంగా ఉంటాయి. నన్నయ మీద వ్యాసం రాయమన్న ప్రశ్న నాకు ఏదో పాస్‌వర్డ్ చదివినట్టు వినిపిస్తుంది. అదే యూనికోడ్‌లో కొడితే గడగడా చదివేస్తుంది. టైపు చేసేవాడు వాడే, కీబోర్డు అదే, ఖర్చు సున్నా. ఇంకోటి చెప్పనా? ఫీజు కట్టే గడువు మారితే ఆఫీసువాళ్లు ఏం చేస్తారు? సర్క్యులర్ టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. నా ఫోను ‘ఫొటో’ అని ఊరుకుంటుంది. ఎవరినో పట్టుకుని చదివించుకోవాలి. ఫొటో కింద రెండు లైన్లు టైపు చేస్తే ఆ పని తప్పుతుంది.

బాబాయి: అలాగైతే చిట్టాలో ఇవి పదిహేడో నంబరు, పద్దెనిమిదో నంబరు ఎందుకయ్యాయి? లిఫ్టు ఒకటో నంబరెందుకయింది? రేపు సోమవారం ఒక్క ఆఫీస్ ఆర్డర్‌తో అయిపోయేవి చివర పెట్టి, కోట్లు కావాల్సినవి ముందు పెడితే ఫైనాన్స్ ఆఫీసరు మొదటి పేజీ చూసి పక్కన పడేస్తాడు. తిరగెయ్యి. క్లాసు సంగతీ అంతే. వీల్‌చెయిర్ విద్యార్థి చేరిన కోర్సుని టైంటేబుల్ కమిటీ కింది అంతస్తుకి మార్చాలి. లిఫ్టు ఎందుకు?

అమ్మాయి: ఒప్పుకుంటున్నాను. తిరగేస్తాను. 1962లో బర్కిలీలో కూడా మొదట జరిగింది గది మార్పే. ఎడ్ రాబర్ట్స్ అని పోలియో వచ్చిన కుర్రాడు కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరాడు. రాత్రిళ్లు ఊపిరికోసం ఇనప పెట్టెలాంటి పెద్ద యంత్రంలో పడుకోవాలి. దాని బరువుని మోసే హాస్టల్ గది లేదు. క్యాంపస్ ఆస్పత్రిలో ఒక వార్డునే హాస్టల్ గదిగా ఇచ్చారు. అతను వచ్చాక ఇంకొందరు చేరారు. వాళ్లంతా కలిసి 1970లో తమకోసం ఒక విభాగం పెట్టించుకుని తామే నడిపారు.

బాబాయి: చూశావా, అమెరికాలో కూడా లిఫ్టుతో మొదలెట్టలేదు.

అమ్మాయి: మొదలెట్టలేదు, కానీ ఆస్పత్రి వార్డు దగ్గరే ఆగిపోలేదు. కింది అంతస్తు అంటున్నావే, యూనివర్సిటీ అంటే ఒక్క క్లాసేనా? లైబ్రరీలో రిఫరెన్స్ సెక్షన్ రెండో అంతస్తు. ల్యాబు మొదటి అంతస్తు. మార్కుల మెమోలో తప్పు పడితే వెళ్లాల్సిన ఎగ్జామ్ బ్రాంచి మూడో అంతస్తు. సీనియర్లకి ఫేర్‌వెల్ మేడ మీద. ఆ పిల్ల ఒక్కతే కింద కూర్చుని, పైన పాటలు వింటూ ఉండాలా? టైంటేబుల్ మార్పు తాత్కాలికమని, ఎప్పటిదాకానో తేదీ వేసి మరీ రాయాలి. లేకపోతే అదే శాశ్వతమైపోతుంది.

బాబాయి: పాత బిల్డింగుల్ని ఏం చేస్తావు? ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఉంది, 1939లో ప్రారంభించారు. దాని అందంలో సగం ఎదురుగా ఉన్న ఆ మెట్లే. వాటి మీద ఇనప ర్యాంపు తెచ్చి బిగిద్దామా?

అమ్మాయి: బిగించమని ఎవరన్నారు? అలాంటి భవనానికి నీలాంటి ఇంజనీరు, ఒక పురావస్తు మనిషి, ఒక వీల్‌చెయిర్ మనిషి కలిసి కూర్చుంటే దారి దొరుకుతుంది. పక్క గుమ్మమైనా పర్వాలేదు, దానికి తాళం లేకపోతే. కానీ అలాంటి భవనాలు ఎన్నుంటాయి? మా క్యాంపస్‌లో ఎక్కువ బ్లాకులు ఈమధ్య కట్టిన డబ్బా బిల్డింగులే. వాటిలో కాపాడాల్సిన వారసత్వం ఏముంది? డ్రాయింగులోనే పెట్టి ఉంటే కొత్తదానికి అయ్యే అదనపు ఖర్చెంతో నీకే బాగా తెలుసు.

బాబాయి: కొత్తదానికి పెద్ద తేడా పడదు. పాతదాన్ని పగలగొట్టి పెట్టడంతోనే తడిసిమోపెడవుతుంది. అయితే ఒకటి, ర్యాంపు అందరికీ పనికొస్తుందని కూడా రాయి. మోకాళ్లనొప్పుల ప్రొఫెసర్లు, పుస్తకాల ట్రాలీ, క్యాంటీన్ గ్యాస్ సిలిండర్లు. అలా చెప్తే కమిటీలో త్వరగా ఒప్పుకుంటారు.

అమ్మాయి: అది మాత్రం రాయను. సిలిండర్ల పేరు చెప్పి తెచ్చుకుంటే, సిలిండర్ రాని బ్లాకుకి ర్యాంపు అక్కర్లేదంటారు. ఒక్క మనిషే ఉన్నా, ఆ మనిషి ఫీజు కట్టి చేరిన విద్యార్థి. ఆ కారణం చాలాలి.

బాబాయి: చట్టం మాట కూడా కారణమేగా. దాన్ని ఎందుకు ముందు పెట్టలేదు?

అమ్మాయి: పెడితే నవ్వుతారేమోనని. 45వ సెక్షన్ ప్రకారం, ఇప్పటికే ఉన్న ప్రజా భవనాలన్నీ నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరికీ అనువుగా మార్చాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్‌తో గడువైపోయింది. చట్టాన్ని మీరితే మొదటిసారి జరిమానా పదివేల దాకా.

బాబాయి: పదివేలా? సెమినార్‌లో శాలువాలకి అంతకంటే ఎక్కువవుతుంది.

అమ్మాయి: అందుకే గదా. పైగా ఆ నిబంధనల్లో ప్రమాణాలు సలహాల్లాగే ఉండిపోయాయి. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆ నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టేసింది. మూడు నెలల్లో తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో దేశమంతా పరిస్థితి ఎలా ఉందో పరిశీలించి కోర్టుకి నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలో ఉన్న నల్సార్ వైకల్య అధ్యయన కేంద్రమే.

బాబాయి: అయితే దాన్ని రెండో పేజీలో పెట్టు. ఆడిట్‌వాళ్లు భయపడే మాట ఒకటైనా ఉండాలి. సరే, వినపడనివాళ్లకి సైన్ లాంగ్వేజ్ మనుషులు కావాలని రాశావు. ఎక్కణ్ణుంచి తెస్తావు? పోస్టు మంజూరైనా మనిషి దొరకొద్దూ?

అమ్మాయి: దొరకడం కష్టమే, దేశమంతా కొరతే. దొరికేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. మా దగ్గర ఒక సార్ ఉన్నారు, మంచి టీచరు. బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడతారు. పెదాలు చూసి అర్థం చేసుకునే కుర్రాడికి ఆయన వీపే కనిపిస్తుంది. రాయడం ఆపి, ఇటు తిరిగి మాట్లాడాలి. నోట్సు ముందురోజు ఇవ్వాలి. మాటల్ని అక్షరాలుగా తెర మీద చూపే యాప్‌లు తెలుగులోనూ వచ్చేశాయి. తప్పులుంటాయి, అయినా ఏమీ లేకపోవడంకంటే నయం. క్లాసులో ఒక ఫోను టేబుల్ మీద పెట్టుకోనివ్వాలి. సెల్‌ఫోన్ నిషేధమని దాన్ని కూడా లాక్కుంటున్నారు.

బాబాయి: ఇవీ ముందు పేజీకి రావాల్సినవే. ఇప్పుడు నా షరతు విను. నలభై ఏళ్లు ఇదే పని చేసినవాడిగా చెప్తున్నా. లిఫ్టు పెట్టడానికి డబ్బులొస్తాయి. రిబ్బన్ కత్తిరించేవాడు దొరుకుతాడు. రెండేళ్లకి మెయింటెనెన్స్ కాంట్రాక్టు అయిపోతుంది, రెన్యువల్ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియదు. ‘రిపేరులో ఉంది’ అని అట్టముక్క తగిలిస్తారు. అట్టముక్క చిరిగిపోతుంది కానీ రిపేరు జరగదు. పైన క్లాసులో ఉండగా లిఫ్టు ఆగితే ఆ పిల్ల దిగేదెలా? అందుకే ప్రతిదానికీ నిర్వహణ పద్దు, దానికి బాధ్యుడైన ఉద్యోగి హోదా, రెండూ రాయకపోతే అసలు కట్టమని అడగొద్దు. చెడిపోయిన లిఫ్టుని నమ్ముకుని పైకెక్కడంకంటే కింద ఉండటమే మేలు.

అమ్మాయి: ఇందులో నీతో పేచీ లేదు. నాదీ ఒక షరతుంది. పని అయిందని సంతకం పెట్టే ముందు, దాన్ని వాడేవాళ్లు వాడి చూడాలి. మా మెయిన్ రోడ్డు పక్కన పసుపు పలకలు వేశారు. పాదాలకి గీతలు తగులుతుంటే ధైర్యంగా నడిచాను. ఆ గీతలు తిన్నగా తీసుకెళ్లి కరెంటు స్తంభానికి గుద్దించాయి. అది తప్పించుకుని పోతే బైకుల పార్కింగు. బిల్లు మాత్రం పాసైపోయింది. కొలతల పుస్తకంలో ఇంజనీరు సంతకం పక్కన ఒక విద్యార్థి సంతకం కూడా ఉండాలి.

బాబాయి: ఎంబీలో విద్యార్థి సంతకమా? ఏ కోడ్‌లోనూ లేదు. ఆడిట్ అభ్యంతరం పెడుతుంది.

అమ్మాయి: వేరే కాగితం పెట్టి బిల్లుకి జతచెయ్యి. జత కాగితాలకి అభ్యంతరం పెట్టరుగా.

బాబాయి: అలా కుదురుతుంది. కానీ నీ చిట్టాలో ‘ప్రతి భవనం’ అన్న మాట తీసెయ్యాల్సిందే. అన్నీ అడిగితే ఏదీ రాదు. ఐదింటికి కుదించి నేనే రాసిపెడతాను. క్లాసులు, లైబ్రరీ, ఎగ్జామ్ బ్రాంచి, హాస్టల్ మెస్సు, టాయిలెట్లు. ఒక విద్యార్థికి రోజు గడవడానికి కావాల్సినవి ఇవే. ఖర్చు లేని ఆర్డర్లన్నీ వీటికంటే ముందు వస్తాయి.

అమ్మాయి: ఆడిటోరియం, ఆటస్థలం, వీసీ ఆఫీసు?

బాబాయి: వీసీ ఆఫీసుకెళ్లి ఏం చేస్తావు?

అమ్మాయి: ఈ ఐదూ చెయ్యకపోతే ధర్నాకి వెళ్లాలిగా.

బాబాయి: ధర్నా పోర్టికోలో చెయ్యండి, అక్కడ మెట్లుండవు. నేను చెప్పేది ఒక్కటే, ఐదింటి మీద నిలబడు. నీ కొలబద్ద ఏదో పైన రాయి, మిగతాదంతా దాన్నిబట్టి కొలుస్తారు.

అమ్మాయి: కొలబద్ద ఇది. పొద్దున హాస్టల్ గది తాళం వేసిన దగ్గర్నుంచి రాత్రి తీసేదాకా, ‘కాస్త ఈ సాయం చెయ్యరా’ అని ఒక విద్యార్థి ఎన్నిసార్లు అడగాల్సి వచ్చింది? ఆ అంకె ప్రతి సెమిస్టర్ తగ్గాలి. అడిగితే కాదనేవాళ్లు మన దగ్గర తక్కువే. అడగడమే రోజంతా పనైపోతే చదువెప్పుడు?

బాబాయి: రాశాను. ఐదు పనులు, ఒక్కోదానికీ పద్దు, బాధ్యుడు, విద్యార్థి కాగితం. ఇంకేమన్నా ఉందా?

అమ్మాయి: తేదీలు. ఐదింటికీ తేదీలు వెయ్యి. ఆరోదానికి మళ్లీ వస్తాను, అప్పుడు కొత్తగా పేచీ పెట్టుకుందాం.